హైన్రిఖ్ హెర్ట్జ్ పండితుడు, ఆయన తీగకంకణము

ప్రతి సంవత్సరమును మేము విద్యుచ్ఛాస్త్ర పాఠము చెప్పునపుడు విద్యార్థులలో ఎవరో యొకరు లేచి యొక ప్రశ్న వేయుచుందురు. అయస్కాంతము చుట్టును ఇనుపరజను చల్లినచో బలరేఖలు కంటికి గనబడును. గంట మ్రోగినచో దాని కంపము వ్రేలికి దెలియును. రేడియో తరంగమో, కంటికి గనబడదు, చెవికి వినబడదు, చేతికి దగులదు. అట్టిది గాలిలో గలదని మొట్టమొదట ఎవరు, ఏ సాధనముతో, ఎట్లు కనుగొనిరి? ఇది మంచి ప్రశ్న. దీనికి ప్రత్యుత్తరము పుస్తకములోని సూత్రము కాదు. ఒక మనుష్యుని జీవితము. ఆయన ముప్పదియాఱు సంవత్సరములు మాత్రమే బ్రదికెను. ఆయన చేతిలోని సాధనము గుండ్రముగా వంచిన యొక తీగముక్క. ఆ తీగ యేమి చెప్పెనో, ఏమి తప్పు చెప్పెనో, ఆ తప్పును ఆయన యెట్లు ఒప్పుకొనెనో మా విద్యార్థులకు దెలుపవలెనని యీ చరిత్రమును వ్రాయుచున్నాము.

హైన్రిఖ్ హెర్ట్జ్ 1857 వ సంవత్సరము ఫిబ్రవరి 22 వ తేదీన జర్మనీ దేశమందలి హాంబర్గు నగరమున జన్మించెను. తండ్రి గుస్టావ్ హెర్ట్జ్ న్యాయవాది. తరువాతి కాలమున ఆ నగరపు పాలకసభలో సభ్యుడాయెను. తండ్రి తరఫు పూర్వులు యూదులు. హైన్రిఖ్ పుట్టకముందే ఆ కుటుంబము లూథరన్ క్రైస్తవమతమున జేరెను. తల్లిదండ్రుల సంతానములో హైన్రిఖ్ జ్యేష్ఠుడు. బాలుడు చదువునందు చుఱుకైనవాడు. భాషలన్నచో మిక్కిలి ప్రీతి గలవాడై గ్రీకు భాషయే గాక అరబ్బీ భాషను గూడ అభ్యసించెను. అంతకంటె విశేషమేమనగా, పుస్తకము మూసిన వెంటనే ఆ బాలుని చేయి పనిముట్టును వెదకుచుండెడిది. వడ్రంగపుబల్లమీద పనిచేయుటయు, తరిమెన పట్టుటయు నేర్చుకొని, తనకు గావలసిన పరికరములను తానే చేసికొనుచుండెను. హెర్ట్జ్ ఆచార్యుడైనాడని విని, ఆయనకు తరిమెనపని నేర్పిన వృద్ధుడు, అయ్యో, మంచి పనివాడు కావలసినవాడే యని విచారించెనని చెప్పుకొందురు. మేము ఈ మాటను నవ్వుటకై చెప్పుటలేదు. చేతిపని నేర్వని పండితుడై యుండినచో హెర్ట్జ్ కనుగొన్నది ఆయనకు చిక్కియుండెడిది కాదు.

ఆయన తొలుత ఇంజనీరు కాదలచెను. 1875 లో ఫ్రాంక్‌ఫర్టున నిర్మాణపు పనులలో శిక్షణ పొంది, తరువాత డ్రెస్డెన్ నగరమున కొంతకాలము చదివి, ఒక సంవత్సరము సైనికసేవ గావించి, 1877 లో మ్యూనిక్ చేరెను. అచట ఆయన మనస్సు డోలాయమానమయ్యెను. ఇంజనీరు వృత్తి నిశ్చయమైన జీవనోపాధి. ప్రకృతిశాస్త్రమో, ఫలితము దెలియని దారి. తనకు శాస్త్రమునందే మనస్సు గలదనియు, తండ్రి యనుమతి లేనిదే మార్గము మార్చననియు ఆయన యింటికి జాబు వ్రాసెను. తండ్రి అంగీకరించెను. మఱుసటి సంవత్సరము హెర్ట్జ్ బెర్లిన్ విశ్వవిద్యాలయమునకు బోయి, ఆ కాలపు మహాశాస్త్రజ్ఞులగు హెల్మ్‌హోల్ట్జ్, కిర్కాఫ్ అను గురువుల యొద్ద శిష్యుడాయెను. 1879 లో విశ్వవిద్యాలయపు బహుమతి ప్రశ్నయొకటి పరిష్కరించి స్వర్ణపతకము బడసెను. 1880 లో డాక్టరు పట్టము పొందెను. అప్పటి కాయన వయస్సు ఇరువదిమూడేండ్లు.

ఇప్పుడు ఆ కాలపు గొప్ప వివాదమును కొంచెము చెప్పవలసియున్నది. స్కాట్లండు దేశీయుడగు మాక్స్‌వెల్ 1865 లో ప్రకటించిన సిద్ధాంతము ప్రకారము విద్యుద్బలమును అయస్కాంతబలమును ఒక చోటినుండి మఱియొక చోటికి క్షణములో దుముకవు. కాంతివేగముతో తరంగములుగా నడచును. కాంతియే అట్టి తరంగము. జర్మనీ దేశపు పండితులలో బెక్కుమంది దీనిని నమ్మలేదు. మధ్యనున్న శూన్యముతో బనిలేకయే ఒక విద్యుదావేశము మఱియొకదానిని తక్షణమే ఆకర్షించునని వారి మతము. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చునట్టి ప్రయోగమునకై బెర్లిన్ శాస్త్రపరిషత్తు 1879 లో ఒక బహుమతిని ప్రకటించెను. హెల్మ్‌హోల్ట్జ్ తన శిష్యుని దానికి బూనుకొమ్మనెను. హెర్ట్జ్ లెక్క వేసి చూచెను. అప్పటి సాధనములతో కలిగించగల కంపములు అత్యంత మందములు. ఫలితము కనబడునంతటిది కాదు. కనుక ఆయన బహుమతిని వదలుకొనెను. అయినను ఆ ప్రశ్నను మనస్సునుండి వదలలేదు. 1879 లోనే మాక్స్‌వెల్ తన సిద్ధాంతము ఋజువగుట చూడకయే మరణించెను.

హెర్ట్జ్ మూడేండ్లు హెల్మ్‌హోల్ట్జ్ యొద్ద సహాయకుడుగా నుండి, 1883 లో కీల్ నగరమున ఉపన్యాసకుడై, 1885 లో కార్ల్స్‌రూహె సాంకేతిక కళాశాలలో భౌతికశాస్త్రాచార్యుడాయెను. 1886 జూలైలో, ఆ కళాశాలలోనే పనిచేయు మాక్స్ డోల్ అను ఉపాధ్యాయుని కుమార్తె ఎలిజబెత్తును వివాహమాడెను. ఆ సంవత్సరపు శరత్కాలమందే ఆయన యదృష్టము తిరిగెను. కళాశాల సామగ్రిలో పాఠము చెప్పుటకై యుంచిన రెండు తీగచుట్టలు గలవు. ఒకదానిగుండ చిన్న లీడెన్ జాడీని ఉత్సర్గము చేసినపుడెల్ల, దానితో ఏ సంబంధమును లేని రెండవ చుట్ట కొనలయందు చిన్న రవ్వలు పుట్టుచుండెను. ఎందఱో యిది చూచి పాఠము ముగించి వెడలిపోయియుందురు. హెర్ట్జ్ నిలిచెను. ఏడేండ్ల క్రిందట తాను అసాధ్యమని వదలిన మిక్కిలి వేగముగల కంపము లిచట పుట్టుచున్నవని ఆయనకు దోచెను.

ఆయన నిర్మించిన సాధనములు రెండు. మొదటిది కంపకారిణి. తిన్నని తీగను నడుమ ద్రెంచి చిన్న సందు విడిచి, రెండు కొనలకును పెద్ద లోహపుగోళములను దగిల్చి, ప్రేరణచుట్ట సాయమున ఆ సందులో రవ్వలు పుట్టించెను. ప్రతి రవ్వతోను విద్యుత్తు తీగయందు ముందునకును వెనుకకును అత్యంత వేగముగా ఊగులాడును. రెండవది మా కథానాయకమగు తీగకంకణము. తీగను గాజువలె వంచి, దాని రెండు కొనల నడుమ సన్నని మఱచుట్టుతో సవరింపదగిన సందును విడిచెను. ఈ కంకణమునకు బ్యాటరీ లేదు, మఱియొక తీగతో సంబంధము లేదు. చుట్టునున్న చోట విద్యుద్బలము గాని మారుచున్న అయస్కాంతబలము గాని యుండినచో ఆ సందులో రవ్వ పుట్టును. ఆ రవ్వ పొడవు తఱచుగా మిల్లీమీటరులో నూఱవ వంతులు కొన్ని మాత్రమే. దానిని చూచుటకు గదిని చీకటి చేసి, కన్నులు చీకటి కలవాటుపడువఱకు వేచియుండి, కంకణమును చేతబట్టుకొని స్థలమునుండి స్థలమునకు నడువవలెను. మఱచుట్టును త్రిప్పి రవ్వ ఎంత దూరము దుముకునో కొలిచినచో ఆ స్థలమందలి బలము కొంతవఱకు దెలియును. నేటివారు ప్రోబు అని పిలుచు చిన్న ఏరియల్ వంశమునకు ఇదియే మూలపురుషుడు.

ఆ చిన్న రవ్వ చక్కగా కనబడుటకై హెర్ట్జ్ దానిని ఒకనాడు చీకటిపెట్టెలో మూసెను. రవ్వ చిన్నదయ్యెను. వేఱొకడు పెట్టెను దీసివైచి తన పని చూచుకొనెడివాడు. హెర్ట్జ్ తన ముఖ్యమైన పనిని కొన్ని నెలలు ప్రక్కనుంచి ఈ చిక్కును విప్పెను. అద్దము నడ్డుపెట్టినను రవ్వ చిన్నదగును. స్ఫటికపు పలక నడ్డుపెట్టినచో కాదు. కనుక మొదటి రవ్వనుండి వెలువడు, కంటికి గనబడని అతినీల కాంతి రెండవ రవ్వకు దోడ్పడుచున్నదని తేల్చి, 1887 లో ప్రకటించి, కారణమును గూర్చి ఊహాగానములు చేయక తన మొదటి పనికి మరలెను. కాంతివిద్యుత్ఫలితమని పేరొందిన ఈ విషయమునకు 1905 లో ఐన్‌స్టయిన్ వివరణ యిచ్చెను.

1888 వ సంవత్సరారంభమున హెర్ట్జ్ కంకణముతో కంపకారిణి పరిసరములను పొలమును కొలుచు అమీనువలె అడుగడుగునకు పరీక్షించెను. కంకణమును నిలువుగా, అడ్డముగా త్రిప్పెను. దాని సందును పైకి, క్రిందికి, ప్రక్కకు మార్చెను. ఇట్లు త్రిప్పుటలో గొప్ప యుక్తి గలదు. కంకణము మధ్యగా పోవు అయస్కాంతరేఖలు మారుటచే రవ్వ పుట్టవచ్చును. విద్యుద్బలము కంకణమందలి యొక ప్రక్కను ఎక్కువగా లాగుటచేతను పుట్టవచ్చును. సందు ఒక స్థానమందున్నపుడు రెండు కారణములును కలిసి పనిచేయును. మఱియొక స్థానమందు ఒక్కటియే మిగులును. ఆ విధముగా రెండు బలములను విడదీసి, ప్రతి చోటను విద్యుద్బలము ఏ దిక్కునకు చూచుచున్నదో పటముమీద గుఱుతు పెట్టెను. కంపకారిణికి దగ్గరగా ఒక తీరును, దూరముగా మఱియొక తీరును గనబడెను. రెండింటి నడుమ కొన్ని చోట్ల, కంకణము నెటు త్రిప్పినను రవ్వ మాఱక, బలమునకు స్థిరమైన దిక్కే లేనట్లుండెను.

దీనికి గణితమును ఆయనయే 1889 లో ప్రకటించెను. దాని సారమును చెఱువునుబట్టి చెప్పవచ్చును. చెఱువులో ఒక కఱ్ఱను పైకిని క్రిందికిని ఆడించుచున్నచో, కఱ్ఱ ప్రక్కనున్న నీరు చాలవఱకు అచటనే లేచి పడుచు కఱ్ఱయొద్దకే తిరిగివచ్చును. కొంత దూరమున అలలు మాత్రము కఱ్ఱను విడిచి గట్టువైపునకు సాగిపోవును. అట్లే కంపకారిణి సమీపమున శక్తిలో అధికభాగము తీగను విడిచి తిరిగి తీగనే చేరుచుండును. అచటి విద్యుద్బలము, దూరము రెండింతలైనచో సుమారెనిమిదవ వంతునకు దగ్గిపోవును. దూరమున, విడివడిన తరంగమందలి బలము దూరము రెండింతలైనచో సగమే యగును. ఈ రెండు రాజ్యములకును సరిహద్దు తరంగదైర్ఘ్యములో సుమారు ఆఱవ వంతు దూరమున నుండును. సమీపక్షేత్రము, దూరక్షేత్రము అని నేడు మనము చేయు భేదమునకు ఈ గణితమే పునాది. బలరేఖలు తీగనుండి పుట్టి, ఉబ్బి, నడుము సన్నగిల్లి, తెగి, మూసిన వలయములై వెడలిపోవు తీరును హెర్ట్జ్ బొమ్మలుగా గూడ గీసి చూపెను.

పిమ్మట ఆయన కళాశాల ఉపన్యాసశాలలోనికి బ్రవేశించెను. అది సుమారు 15 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు గలది. అయినను ఇనుప స్తంభముల వరుసలు రెండు ప్రక్కలను ఆక్రమించుటచే ఉపయోగమునకు వచ్చు వెడల్పు తక్కువ. ఒక గోడకు 4 మీటర్ల ఎత్తు, 2 మీటర్ల వెడల్పు గల జింకు రేకును దాపించి, కంపకారిణినుండి వచ్చు తరంగము దానిని దాకి వెనుకకు మరలునట్లు చేసెను. వచ్చు అలయు మరలు అలయు కలిసికొన్నచోట కొన్ని స్థలములందు రవ్వ హెచ్చుగను, కొన్నింట లేకయు నుండవలెను. 35 సెంటీమీటర్ల వ్యాసార్ధము గల కంకణమును బట్టుకొని రేకునుండి వెనుకకు నడచుచు, రవ్వ పుట్టు చోట్లను, అణగు చోట్లను నేలపై గుఱుతించెను. తరంగము దొరకెను. దాని పొడవు సుమారు 9.6 మీటర్లని ఆయన కొలిచెను. బలము తక్షణమే దుముకునను మతము ఆ శాలయందే కూలిపోయెను.

విద్యార్థులు ఇచట జాగ్రత్తగా వినవలెను. ఆయన కొలతలలో తప్పులును గలవు. కంపకాలమును లెక్కించుటలో ఒక గణితదోషము దొరలెను. దానిని ఫ్రాన్సు దేశీయుడగు పొంకారె ఎత్తిచూపెను. తీగ వెంబడి నడచు తరంగము గాలిలోని తరంగముకంటె చాల మందమని కంకణము చెప్పినట్లు హెర్ట్జ్ ప్రకటించెను. మాక్స్‌వెల్ సిద్ధాంతము ప్రకారము రెండును సమముగా నుండవలెను. తరువాత జెనీవా నగరమున సరసేన్, డెలారీవ్ అను నిరువురు విశాలమైన శాలలో పరీక్షించి సమమేయని చూపిరి. వారే మఱియొక వింతను గూడ కనుగొనిరి. కంపకారిణిని మార్చక కంకణమును మాత్రము మార్చినచో తరంగదైర్ఘ్యము మారినట్లు గనబడును. అనగా, ప్రతి కంకణమును చాలవఱకు తన పరిమాణమునకు దగిన తరంగమునే చూపుచున్నది! కొలుచువాని స్వభావము కొలతలో గలియునను ఈ పాఠము నేటికిని ప్రయోగశాలలందు మఱువరానిది. హెర్ట్జ్ ఏమి చేసెను? 1892 లో తన వ్యాసముల నొక్క గ్రంథముగా కూర్చినపుడు, వాటికి వ్రాసిన పీఠికలో తన గణితదోషమును, తన శాల యిఱుకుదనమును, తనకు విరుద్ధముగా వచ్చిన జెనీవా ఫలితములను తానే వివరముగా చెప్పెను. లోకమంతయు శ్లాఘించుచున్న వేళ తన తప్పును తానే ముద్రింపించుట సామాన్యమైన పని కాదు.

పెద్ద తరంగమునకు చిన్న గది చాలదని గ్రహించి, 1888 చివర ఆయన తరంగమునే చిన్నది చేసెను. 26 సెంటీమీటర్ల పొడవు గల ఇత్తడి కంపకారిణితో సుమారు 66 సెంటీమీటర్ల తరంగమును పుట్టించెను. దానితోబాటు కంకణమును జిన్నదాయెను: ఒక మిల్లీమీటరు మందము గల రాగితీగతో 7.5 సెంటీమీటర్ల వ్యాసము మాత్రమే. అనగా పిల్లల చేతికి సరిపోవు గాజంత. దాని యొక కొనకు నున్నని చిన్న ఇత్తడిగుండు, రెండవ కొనయెదుట సన్నని మఱ. రెండు మీటర్ల యెత్తుగల జింకు రేకుల దర్పణములు నిర్మించి తరంగమును దీపకిరణమువలె ఒక్కత్రోవను బంపెను. అది కఱ్ఱతలుపును దూసికొనిపోయెను. మనుష్యుడు అడ్డము నిలిచినచో ఆగెను. లోహపు రేకును దాకి అద్దమునుండి వెలుతురువలె మరలెను. సమాంతరపు తీగలు గల చట్రము ఒక వైపు నిలిపినచో దానిని బోనిచ్చెను, అడ్డముగా త్రిప్పినచో ఆపెను. గట్టిపఱచిన తారుతో చేసిన, సుమారు 600 కిలోగ్రాముల బరువు గల పట్టకముగుండ బోయి తన దారి వంచుకొనెను. కాంతి చేయు పనులన్నియు ఈ తరంగము చేసెను. ఆ సంవత్సరము డిసెంబరులో ఈ వార్త బెర్లిన్ పరిషత్తుకు జేరెను.

1889 లో ఆయన బాన్ విశ్వవిద్యాలయమునకు ఆచార్యుడై వెడలెను. 1890 లో లండను రాయల్ సొసైటీ రమ్‌ఫర్డ్ పతకము నిచ్చి గౌరవించెను. ఈ తరంగములతో టెలిఫోను మాటలు పంపవచ్చునా యని యొక ఇంజనీరు 1889 లో అడుగగా, మాటల కంపములు మిక్కిలి మందములగుటచే ఖండమంత దర్పణములు కావలసివచ్చునని హెర్ట్జ్ బదులు వ్రాసెను. వేగమైన తరంగముపై మాటను ఎక్కించి పంపు ఉపాయము అప్పటికి పుట్టలేదు. తన తరంగము ఏమగునో ఆయనకు దెలియదు. అది గలదా లేదా యను సత్యమొక్కటే ఆయన కోరినది.

అంతలో వ్యాధి సోకెను. 1892 లో తీవ్రమైన సంక్రమణమునకు శస్త్రచికిత్సలు మాటిమాటికి జరిగెను. నేటివంటి మందులు ఆనాడు లేవు. నొప్పుల నడుమనే ఆయన యాంత్రికశాస్త్రముపై గొప్ప గ్రంథమును పూర్తిచేసెను. 1893 డిసెంబరు 7 వ తేదీన కడపటి పాఠము చెప్పెను. 1894 జనవరి 1 వ తేదీన, ముప్పదిఏడవ యేడు నిండకమునుపే, బాన్ నగరమున కన్నుమూసెను. దేహమును స్వస్థలమగు హాంబర్గున సమాధి చేసిరి. భార్యయు, ఇరువురు చిన్న కుమార్తెలును మిగిలిరి. శిష్యుని చివరి గ్రంథమునకు వృద్ధ గురువగు హెల్మ్‌హోల్ట్జ్ పీఠిక వ్రాసి, ఆ సంవత్సరమే తానును పరలోకగతుడాయెను.

హెర్ట్జ్ పోయినను ఆయన పని నిలువలేదు. 1894 లోనే ఆలివర్ లాడ్జ్ లండనులో హెర్ట్జ్ కృషిని గూర్చి స్మారకోపన్యాస మిచ్చెను. అది ముద్రితమై కలకత్తా చేరగా, ప్రెసిడెన్సీ కళాశాలయందు జగదీశ చంద్ర బోసు దానిచే ప్రేరితుడై, కొలది మిల్లీమీటర్ల తరంగములను పుట్టించి, సాధనములన్నింటిని బల్లపై నిముడునంత చిన్నవి చేసెను. అదే కాలమున ఇటలీలో మార్కోని తంతిలేని వార్తలకు బూనుకొనెను. సెకనుకు నొక కంపమునకు హెర్ట్జ్ అని 1930 లో అంతర్జాతీయముగా పేరు పెట్టిరి. అట్టి పేరు లోకమెల్ల మ్రోగుచుండగనే, 1930 దశాబ్దములో నాజీల పాలనయందు, పూర్వులు యూదులైన కారణమున ఆయన కుటుంబము జర్మనీలో నిలువలేక ఇంగ్లండుకు జేరవలసివచ్చెను. కుమార్తె మటిల్డా జీవశాస్త్రజ్ఞురాలు. ఆమె బెర్లిన్‌లోని తన యుద్యోగమును గోల్పోయెను.

నేడు ఆ తీగకంకణము ఏమైనది? దాని సంతతి ఎలెక్ట్రానిక్ పరిశ్రమశాలలయందంతటను గలదు. ఫోను, కంప్యూటరు మొదలగువాటి లోపలి పలకలపై వేలకొలది సన్నని దారులు గలవు. వాటిలో ఏదో యొకటి అనవసరమైన కంపమును వెలికి జిమ్మి ప్రక్కనున్న రేడియోకు అడ్డు దగులును. దోషి యెవరో పట్టుటకు మిల్లీమీటర్లంత కంకణమును పలకమీద అంగుళమంగుళముగా నడిపింతురు. అయస్కాంతబలమునకు కంకణము, విద్యుద్బలమునకు పొట్టి తిన్నని తీగ. విద్యుద్బలము చొరబడకుండ కంకణమునకు లోహపుతొడుగు వేసి, ఆ తొడుగులో చిన్న చీలిక విడుతురు. రవ్వకు బదులుగా కొలమానయంత్రము లెక్క చెప్పును. హెర్ట్జ్ కంకణమువలె ఒక్క తరంగమునకే పలుకక పెక్కింటికి సమముగా పలుకునట్లు నిర్మింతురు. అయినను చిక్కు పాతదే. ప్రోబు పెద్దదైనచో తాను పరీక్షించు క్షేత్రమునే చెఱచును, ప్రక్కప్రక్కనున్న రెండు దారులను విడదీయలేదు. వ్యాసమును సగము చేసినచో వైశాల్యము నాలుగవ వంతై, వినబడు సంకేతమును నాలుగవ వంతే యగును. సన్నగా వినవలెనన్నచో ఓపికతో వినవలెను. వేఱు మార్గము లేదు.

ప్రియ విద్యార్థులారా, మా ప్రయోగశాలలో ఖరీదైన యంత్రములు లేవని మీలో కొందఱు చిన్నబుచ్చుకొనుట మేమెఱుగుదుము. కార్ల్స్‌రూహెలో నున్న సాధనమును మఱల తలచుకొనుడు: గాజంత రాగితీగ, ఇత్తడిగుండు, ఒక మఱ, చీకటిగది. వాటి వెనుక తరిమెన పట్టిన చేయియు, చిన్న రవ్వను నిర్లక్ష్యము చేయని కన్నును, తన తప్పును తానే చెప్పిన నోరును గలవు. మొదటివి మా బీరువాలో దొరకును. కడపటి మూడింటిని మీరే తెచ్చుకొనవలెను.